పక్షభక్తియు ధర్మమును

1796వ సంవత్సరమున ప్రకటించిన వీడ్కోలు సందేశమునందు జార్జి వాషింగ్టను, పక్షావేశము ప్రజాప్రభుత్వములకుఁ బరమశత్రువని హెచ్చరించెను. అయినను ఆయన మంత్రివర్గమున నుండిన జెఫర్సను, హామిల్టనులే అమెరికాలోని తొలి రాజకీయపక్షములకు మూలపురుషులైరి. నాఁటినుండి అధ్యక్షులను పోల్చువారు, తమవాని దోషమును క్షమించి, ఎదుటివానియందు దానినే మహాపాతకముగా నెంచుచున్నారు. ఇది త్రాసును ముందే వంచి తూఁచుట కాదా?

1974 ఆగస్టు 7న గోల్డువాటరు, స్కాటు, రోడ్సు అను మువ్వురు రిపబ్లికను నాయకులు శ్వేతభవనమునకుఁ బోయి, తమ పక్షమువాఁడే యగు అధ్యక్షుఁడు నిక్సనునకు, కాంగ్రెసునందు ఆయనను నిలుపఁగల బలము మిగులలేదని ముఖాముఖిఁ దెలిపిరి. మఱునాఁటి రాత్రియే ఆయన రాజీనామాను ప్రకటించెను. వీరు పక్షద్రోహులా? అన్నకు హితము పలికి వెడలఁగొట్టఁబడిన విభీషణునిఁ గూడ లంకలో ద్రోహియనియే యనిరి. సింహాసనమునకుఁ గట్టువడి, ద్రౌపది ప్రశ్నకు ధర్మము సూక్ష్మమని తప్పుకొనిన భీష్ముని నిష్ఠకంటె, ఆ మువ్వురు పలికిన యప్రియసత్యమే నాకుఁ బూజ్యతరముగాఁ దోఁచుచున్నది.