సంఘమే పాఠశాల

పఠన భాగములు: మత్తయి 11:28-30, అపొస్తలుల కార్యములు 18:24 – 19:10, 2 తిమోతి 2:2



జహీరాబాదు చుట్టుపట్ల గల ఒక గ్రామములో ఆదివారపు ఆరాధన ముగిసిన పిమ్మట, ఒక వృద్ధ సహోదరుడు నాయొద్దకు వచ్చి చేతులు కట్టుకొని నిలువబడెను. "ఏమి పెద్దయ్యా?" అని అడిగితిని. ఆయన ఇట్లనెను: "అయ్యగారూ, మా మనుమడు పట్నంల కాలేజి చదువుతున్నడు. మొన్న ఇంటికొచ్చి, తాతా నువ్వు యేసయ్యను ఎందుకు నమ్ముకున్నవ్ అని అడిగిండు. మా నాయిన నమ్ముకున్నడు, గందుకే నేను నమ్ముకున్న అన్న. వాడు నవ్విండు. నేనేం చెప్పాల్సి ఉండె?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పెద్దాయన పసితనమున బాప్తిస్మము పొందినవాడు. ఆదివారము ఆరాధనకు మానినవాడు కాడు. కోత కాలమున తన చేని జొన్నలలో మొదటి కుంచెడు తెచ్చి బలిపీఠము ఎదుట ఉంచువాడు. అట్టివానికి తన మనుమనితో చెప్పుటకు ఒక్క మాట దొరకలేదు. లోపము ఎవరిదని నన్ను నేను ప్రశ్నించుకొనగా, నాదే అని తేలినది. నేను ఆయనకు ఎన్నో ప్రసంగములు వినిపించితిని గాని ఒక్క పాఠమైనను నేర్పలేదు.

ప్రసంగము వాన వంటిది. వాన లేనిదే పంట లేదు. అయినను దున్నని మొరపనేలమీద ఎంత వాన కురిసినను నీళ్లు వాగులోనికే పోవునని ఈ ప్రాంతపు రైతులకు నేను చెప్పనక్కరలేదు. దున్నుట, విత్తుట, కలుపు తీయుట, ఇవన్నియు నేర్పువాని పని. మనము వానకొరకు ప్రార్థించి నాగలిని చూరులో పెట్టి మరచిపోతిమి.

శిష్యుడనగా ఎవరు? నేర్చుకొనువాడు. మన ప్రభువు ప్రయాసపడి భారము మోయువారిని పిలిచినప్పుడు విశ్రాంతి నిచ్చెదనని మాత్రమే చెప్పి ఊరకుండలేదు. తన కాడిని ఎత్తికొని తనయొద్ద నేర్చుకొనుమనియు చెప్పెను. కాడికిని చదువుకును ఏమి సంబంధమని పట్టణవాసి అడుగవచ్చును, రైతు అడుగడు. కొత్త కోడెను కాడికి మరపవలెనన్న దానిని ఒంటరిగా కట్టరు. పాత ఎద్దుకు జతగా కట్టుదురు. ఆ ఎద్దు నడిచినట్లు నడిచి, మళ్లినట్లు మళ్లి, కోడె నేర్చుకొనును. క్రీస్తు మనలను తనకు జతగా కట్టుకొని నడుచుచు నేర్పువాడు.

మరియు పునరుత్థానుడైన ప్రభువు శిష్యులకు ఇచ్చిన కట్టడను జాగ్రత్తగా చదువుడి (మత్తయి 28:19-20). బాప్తిస్మమిచ్చుటతో ఆ వాక్యము ముగియలేదు. ఆయన ఆజ్ఞాపించినవాటినన్నిటిని గైకొనుటకు వారికి నేర్పవలెనని ఇంకను సాగుచున్నది. కళాశాలలో పేరు వ్రాయించుకొన్న దినముననే ఎవడును పట్టా పుచ్చుకొనడు. బాప్తిస్మము క్రీస్తు పాఠశాలలో మన పేరు వ్రాయబడిన దినము. మనలో అనేకులము పేరు వ్రాయించుకొని, పుస్తకము తెరువకయే ముసలివారమగుచున్నాము.

ఇప్పుడు ఎఫెసు పట్టణమునకు పోదము. పౌలు అక్కడ మూడు నెలలు సమాజమందిరములో మాటలాడెను. కొందరు కఠినపడి దూషింపగా ఆయన శిష్యులను ప్రత్యేకపరచి, తురన్ను అనువాని పాఠశాలలో ప్రతిదినము బోధించెను. ఈలాగు రెండు సంవత్సరములు జరిగెను. కొన్ని ప్రాచీన వ్రాతప్రతులలో మరియొక మాట కలదు. పగటి ఐదవ గంట మొదలు పదియవ గంటవరకు, అనగా మన లెక్కప్రకారము సుమారు పదకొండు గంటలు మొదలు నాలుగు గంటలవరకు ఆయన బోధించెనట. అది ఎండవేళ, పనివారు పని మాని నీడపట్టున ఉండు వేళ. పౌలు తన చేతులతో కష్టపడి తన అక్కరలు తీర్చుకొనినవాడు (అపొ. 20:34). ఆ ప్రతుల మాట చొప్పున, పనివారు కునుకు తీయు గంటలే ఆ పాఠశాల గంటలు!

ఫలితమేమి? ఆసియలో నివసించువారందరును ప్రభువు వాక్యము వినిరని లూకా వ్రాయుచున్నాడు. పౌలు ఊరూరు తిరిగెనా? లేదు. కొలొస్సయి, లవొదికయ సంఘములలో అనేకులు తన ముఖము చూడలేదని ఆయనయే వ్రాసెను (కొలొస్సయి 2:1). మరి కొలొస్సయివారికి నేర్పినదెవరు? వారి ఊరివాడైన ఎపఫ్రా (1:7, 4:12). ఒక్క పట్టణములో రెండేండ్లు పాఠము సాగగా, బోధకుని అడుగు పడని ఊళ్లలో సంఘములు లేచెను. తిమోతికి పౌలు అప్పగించిన క్రమము ఇదియే. పౌలు తిమోతికి నేర్పెను. తిమోతి నమ్మకమైన మనుష్యులకు నేర్పవలెను. వారు ఇతరులకు నేర్పవలెను. విత్తనపు గింజలను గాదెలో దాచి పురుగు పట్టనిచ్చు రైతు ఉండునా?

అదే ఎఫెసులో జరిగిన మరియొక సంగతి చూడుడి. అపొల్లో అలెక్సంద్రియ వాడు. ఆ నగరము గొప్ప గ్రంథాలయమునకును పండితులకును ప్రసిద్ధికెక్కినది. అతడు వాక్చాతుర్యము గలవాడు, లేఖనములయందు ప్రవీణుడు. అయినను అతనికి తెలిసినది కొరతగానే యుండెను. ఆ కొరత తీర్చినవారెవరు? డేరాలు కుట్టుకొని బ్రదుకు అకుల, అతని భార్య ప్రిస్కిల్ల. వారు అతనిని నలుగురిలో తప్పుపట్టక, తమయొద్ద చేర్చుకొని, దేవుని మార్గమును మరి పూర్తిగా విశదపరచిరి. అపొల్లోయు చిన్నతనముగా ఎంచలేదు. కూలినాలి చేయువారు చదువరికి నేర్పుటయు, చదువరి వారియొద్ద నేర్చుకొనుటయు సంఘములో జరుగవలసిన అద్భుతము.

ఈ ప్రాంతపు సంఘములలో అనేకము మెథడిస్టు సంఘములు. ఆ పేరు ఎక్కడ పుట్టినదో ఎరుగుదురా? విశ్వవిద్యాలయములోనే! 1729 ప్రాంతమున ఆక్స్‌ఫర్డులో వెస్లీ సోదరులును వారి స్నేహితులును ఒక నియమము ప్రకారము గ్రంథపఠనము, ప్రార్థన, చెరసాలల దర్శనము జరుపుకొనుచుండగా, తోటి విద్యార్థులు వారిని ఎగతాళిచేయుచు పెట్టిన పేరు అది. పద్ధతి తప్పనివారు అని దాని భావము. అయితే ఆ పద్ధతి పండితుల గదులలోనే నిలిచిపోలేదు. 1742లో బ్రిస్టలు పట్టణములో మందిరపు అప్పు తీర్చు ఆలోచన చేయుచు, సభ్యులను సుమారు పన్నెండేసి మందిగా విభజించి, ప్రతి గుంపునకు ఒక నాయకుని నియమించిరి. అతడు వారమునకు ఒక్కొక్క పెన్నీ వసూలు చేయుటకు ఇంటింటికి వెళ్లుచు, వారి ఆత్మల క్షేమమును కూడ విచారింపసాగెను. అప్పుకొరకు ఏర్పడిన గుంపులు ఆత్మల తరగతులుగా మారెను. గనులలో పనిచేయువారు, నేతగాండ్రు, ఇండ్లలో పనిచేయు స్త్రీలు వాటిలో కూర్చుండిరి. ఆ పేరు మనము ఉంచుకొంటిమి. తరగతి ఎక్కడ?

బోధకులను సిద్ధపరచుటకు మనకు కళాశాలలు కలవు. చెప్పులు కుట్టు వృత్తినుండి వచ్చిన విలియం కేరీ, తన సహకారులతో కూడి 1818లో శ్రీరాంపూరు కళాశాలను స్థాపించెను. తెలుగు సంఘములు కొన్ని కలిసి 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను ఆరంభించెను. 1973లో అది హైదరాబాదునకు వచ్చెను. వీటికొరకు దేవునికి స్తోత్రము. అయితే చేను, పశువులు, పిల్లలు గలవాడు ఏండ్ల తరబడి ఇల్లు విడిచి కళాశాలకు పోగలడా? ఈ చిక్కునే గ్వాటెమాలా దేశపు ప్రెస్బిటేరియను సంఘము 1963లో ఎదుర్కొని, విద్యార్థి కళాశాలకు రాలేనియెడల కళాశాలయే అతనియొద్దకు పోవలెనని నిశ్చయించెను. విద్యార్థి ఇంటియొద్ద పాఠము చదువుకొనును. వారమున కొకమారు ఉపాధ్యాయుడు దగ్గరలోని ఊరిలో అందరిని కూర్చి చర్చించును. మన దేశములో ఇదే పద్ధతిని సాగించుటకు 1971లో బెంగుళూరు కేంద్రముగా టాఫ్టీ అను సంస్థ ఏర్పడెను. ఇది మన గ్రామములకు తగిన త్రోవ.

"అయ్యగారూ, మాకు అక్షరము రాదు గదా" అని కొందరు అందురు. ప్రియులారా, దూరము పోనక్కరలేదు. మన జహీరాబాదు ప్రక్కనే పస్తాపూరు కలదు. 1983లో ఆరంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘములలో, బడి ముఖమెరుగని పేద స్త్రీలు కెమెరా పట్టుట నేర్చి చిత్రములు తీసిరి. ఏ గింజ ఏ నేలలో ఏ కార్తెలో పడవలెనో వారికి నోటికి తెలియును. వారి సంఘముల పనికి 2019లో ఈక్వేటరు బహుమానము లభించెను. 2008లో మాచనూరులో వారి సంఘం రేడియో మొదలాయెను. చేతికి వచ్చినది, చెవికి వచ్చినది, నోటికి వచ్చినది అంతయు విద్యయే. విశ్వాసము వినుటవలన కలుగునని వాక్యమే చెప్పుచున్నది (రోమా 10:17). చదువ రానివాడు వినవచ్చును, విన్నది తిరిగి చెప్పవచ్చును.

1912లో దోర్నకలు బిషపుగా అభిషేకము పొందిన వి. యస్. అజరయ్యగారి సంఘములలో అత్యధికులు పేద గ్రామస్థులు. అయినను ఆయన బాప్తిస్మము పొందినవారిచేత తలపై చేయి పెట్టించి, సువార్త ప్రకటింపనియెడల తమకు శ్రమ అని పలికించెడివారు. అక్షరము వచ్చినవారికొక ప్రమాణము, రానివారికొక ప్రమాణము లేదు. చెప్పవలసినవాడు నేర్చుకొనక తప్పదు.

మరికొందరికి వేరొక భయము కలదు. చదువు గర్వము తెచ్చునేమో అందురు. ఆ భయము న్యాయమైనదే. జ్ఞానము ఉప్పొంగజేయుననియు ప్రేమ కట్టుననియు పౌలే హెచ్చరించెను (1 కొరింథీ 8:1). అందుచేత క్రీస్తు పాఠశాలకును లోకపు విశ్వవిద్యాలయమునకును గల భేదమును మరువకూడదు. అక్కడ పరీక్ష కాగితముమీద జరుగును. ఇక్కడ పరీక్ష సంతలో తక్కెడయొద్ద జరుగును. పొలము గట్టుమీద సరిహద్దు తగవులో జరుగును. అప్పు అడుగవచ్చిన పొరుగువాని ఎదుట జరుగును. కోడలితో మాటలాడు అత్త నాలుకమీద జరుగును. అక్కడ పట్టా పుచ్చుకొని వెళ్లిపోవుదురు. ఇక్కడ ఎవడును చదువు ముగించి వెళ్లడు, బోధకుడును వెళ్లడు. అక్కడ ఒకడు తప్పినయెడల అతని స్నేహితులు పైతరగతికి పోవుదురు. ఇక్కడ తప్పినవానికొరకు తరగతియంతయు ఆగి, చేయి పట్టి లేపవలెను.

కనుక ఏమి చేయుదము? ప్రతి గ్రామములో పన్నెండుమందికి మించకుండ ఒక తరగతి కూడుడి. స్త్రీలు, పురుషులు, యౌవనులు కలిసి కూర్చుండుడి. వారమున కొక సాయంకాలము, దీపములు పెట్టిన తరువాత ఒక గంట చాలును. అక్షరము వచ్చిన పిల్లవాడు ఒక అధ్యాయము రెండు మారులు చదువవలెను. చదువ రాని ఒకరు దానిని తమ మాటలలో తిరిగి చెప్పవలెను. అర్థము కానిది సిగ్గుపడక అడుగవలెను. చివరకు, ఈ వారము ఇందులో మనము చేయవలసినదేమని నిశ్చయించుకొని ప్రార్థింపవలెను. వచ్చే వారము మొదటి ప్రశ్న ఇది: చేసితిమా?

మార్కు సువార్తలో 16 అధ్యాయములు, అపొస్తలుల కార్యములలో 28. వారమున కొకటి చొప్పున 44 వారములు. సంవత్సరమునకు 52 వారములు గదా! మిగిలిన 8 వారములు విత్తుటకును కోతకును చెరకు నరుకుటకును ధారూరు జాతరకును విడిచిపెట్టుడి. ఒక్క సంవత్సరములో ప్రభువు చరిత్రయు ఆయన సంఘము పుట్టిన చరిత్రయు మీ ఊరివారి నోట నిలుచును. రెండవ సంవత్సరము, ఆ పన్నెండుమందిలో ఇద్దరు ప్రక్క ఊరికి పోయి మరియొక తరగతి ఆరంభింపవచ్చును.

నన్ను ప్రశ్నించిన ఆ పెద్దాయన గ్రామములో మేము ఈలాగే మార్కు సువార్త మొదలుపెట్టితిమి. ఆయనకు అక్షరము రాదు. మొదటి అధ్యాయము ముగియుచోట యేసు కుష్ఠరోగిని ముట్టిన సంగతి విని, మరల చదువుమని అడిగెను. మూడు మారులు చదివించుకొనెను. ఆ రాత్రి ఏమియు మాటలాడలేదు.

క్రిస్మసు సెలవులకు మనుమడు ఇంటికి వచ్చెను. ఆ తరువాతి ఆదివారము పెద్దాయన నాతో ఇట్లనెను: "అయ్యగారూ, వానికి చెప్పిన. ఊరు ఊరంతా ముట్టొద్దన్నోణ్ణి ఆయన ముట్టిండు బిడ్డా. నాకోసం పానం పెట్టిండు. మా నాయిన నమ్ముకున్నది ఎందుకో నాకిప్పుడు తెలిసింది, అన్న."

"మనుమడు ఏమన్నాడు?" అని అడిగితిని.

"ఏమనలే అయ్యగారూ. గాని నవ్వలే."

ప్రార్థింతము: ప్రభువైన యేసూ, మా గొప్ప బోధకుడా, నీ పాఠశాలలో పేరు వ్రాయించుకొని నేర్చుకొననందుకు మమ్మును క్షమించుము. నేర్పవలసియుండి నేర్పని కాపరులను మరి ఎక్కువగా క్షమించుము. నీ కాడి క్రింద నీకు జతగా నడచుట మాకు నేర్పుము. మా పిల్లలు అడుగునప్పుడు మా నోట మాటయు, మా నడతలో ఆ మాటకు సాక్ష్యమును దయచేయుము. ఆమేన్.