నిరీక్షణ, స్థలాధికారం: సమ్మక్క గద్దెల నేపథ్యంలో ఒక నైతిక విచారణ

గోదావరిఖని వద్ద గోదావరి ఒడ్డున సమ్మక్క, సారలమ్మల గద్దెలు ఉన్నాయి. రెండేళ్లకొకసారి మాఘమాసంలో మేడారం జాతర జరిగే రోజుల్లోనే ఇక్కడా జాతర జరుగుతుంది. మేడారం దాకా వెళ్లలేని బొగ్గుగని కార్మిక కుటుంబాలు ఇక్కడే బెల్లాన్ని ‘బంగారం’గా సమర్పించి మొక్కు తీర్చుకుంటాయి. తల్లి ఒక్కతే అయినప్పుడు, గద్దెలు అనేకమైనప్పుడు, ములుగు జిల్లా అడవిలోని మేడారం గద్దెకున్న ప్రత్యేకత ఏమిటి? ఆ గద్దె విషయంలో చివరి మాట ఎవరిది? పైకి ఇది ఆచారానికి సంబంధించిన ప్రశ్నగా కనిపించినా దీని మూలం నైతికమైనది.

ఐతిహ్యం ప్రకారం, కప్పం కోసం దండెత్తి వచ్చిన కాకతీయ సేనతో పోరాడిన సమ్మక్క గాయపడి చిలకలగుట్ట వైపు వెళ్లి అదృశ్యమైంది. వెతకబోయినవారికి కుంకుమభరిణె మాత్రమే దొరికింది. అందుకే మేడారంలో విగ్రహం లేదు. మొదటిరోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ, రెండవరోజు చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు చేరుతారు, నాలుగవరోజు వనప్రవేశం. మిగిలిన కాలమంతా గద్దె ఒక ఎదురుచూపు. ఈ ఎదురుచూపును యూదుల మెస్సీయ నిరీక్షణతో సమానం చేయడం తొందరపాటవుతుంది. సమ్మక్క రాకతో యుగం ముగియదు. ఆమె వస్తుంది, వెళుతుంది, మళ్లీ వస్తుంది. తెలుగునాట మెస్సీయ భావనకు దగ్గరైనది పోతులూరి వీరబ్రహ్మం పేర వ్యాపించిన కాలజ్ఞానంలోని వీరభోగ వసంతరాయల రాక. అక్కడ కాలం ప్రధానం, మేడారంలో స్థలం ప్రధానం. ఈ రెండూ ఒకే చోట బిగుసుకుంటే ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి జెరూసలేం వైపు చూడక తప్పదు.

క్రీ.శ. 70లో రోమన్లు అక్కడి రెండవ ఆలయాన్ని ధ్వంసం చేశారు. ఏడవ శతాబ్ది చివర అదే ప్రాంగణంలో ముస్లింల శిలాగోపురం వెలసింది. ఆలయం లేని యూదమతం నిరీక్షణనే నియమంగా మలచుకొంది. జనం మూకుమ్మడిగా బలప్రయోగంతో ఆ నేలకు తరలిపోరాదనే ప్రమాణాల ప్రస్తావన తాల్ముద్‌లో ఉంది. అంతాన్ని త్వరపెట్టరాదని దాని సారం. త్వరపడినవారు లేకపోలేదు. 1665లో మెస్సీయగా ప్రకటితుడైన షబ్బతై జెవి మరుసటి ఏడాదే సుల్తాను ఎదుట ఇస్లాం స్వీకరించాడు. నమ్మినవారు ఆస్తులమ్ముకొని ప్రయాణాలకు సిద్ధమై ఉన్నారు. 1967 యుద్ధంలో ఆ కొండ ఇజ్రాయెల్ వశమైనా ప్రాంగణ నిర్వహణ ముస్లిం వక్ఫు చేతిలోనే మిగిలింది. ప్రధాన రబ్బీలు యూదులు అందులో అడుగుపెట్టరాదని శాసించారు. ఆ శాసనం పవిత్రతను తగ్గించలేదు సరికదా, పవిత్రతే దానికి కారణం. అయినా 1984లో పట్టుబడిన ఒక రహస్య బృందం శిలాగోపురాన్ని పేల్చివేసే పథకం వేసినట్టు బయటపడింది. రానున్నవాడి తరఫున మాట్లాడే హక్కు తమదేనని భావించినవారికి, ఆ స్థలంలో ప్రార్థిస్తున్న ఇతరులు కేవలం అడ్డంకిగా కనిపించారు. దోషం ఎదురుచూపులో లేదు, ఆ ప్రాతినిధ్యపు అహంకారంలో ఉంది.

మేడారంలో ఇంతటి హింస లేదు. అక్కడి వివాదం సౌకర్యం పేరుతో వస్తుంది. 1960ల చివర్లో జాతర దేవాదాయశాఖ పరిధిలోకి వెళ్లింది. 1996లో రాష్ట్ర పండుగ అయింది. సమ్మక్క గుట్ట దిగే వేళ పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేల్చి స్వాగతం పలుకుతాడు. ఒకప్పుడు ఏ రాజ్యం మీద పోరాడిందో ఆ రాజ్యపు వారసులే ఆమెకు గౌరవవందనం చేయడంలోని విడ్డూరాన్ని భక్తులు పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. 2025లో గద్దెల ప్రాంగణాన్ని రాతికట్టడంతో విస్తరించే పనులు మొదలయ్యాయి. లక్షల జనానికి దారి, నీరు కావాలి, దానిని కాదనలేం. కానీ కోయ పూజారుల సమ్మతి అవసరమైన ప్రతిచోటా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ సమ్మతికి నిరాకరించే హక్కు కూడా తోడుగా ఉందా? లేకపోతే అది సమ్మతి కాదు, సాక్ష్యం మాత్రమే.

గోదావరి ఒడ్డు గద్దెల సంగతి ఇంకా చిక్కైనది. ఆలయం పోయిన యూదులు చెరలో ‘చిన్న పరిశుద్ధస్థలం’ ఉంటుందన్న యెహెజ్కేలు ప్రవక్త మాటను తరువాత తమ ప్రార్థనామందిరాలకు అన్వయించుకున్నారు. ఉపరితల గనుల కింద ఊళ్లు, వాటితోపాటు గ్రామదేవతల తావులు పోయిన బొగ్గు ప్రాంతంలో, వెంట తెచ్చుకోగలిగే దేవత అవసరం ఎంతటిదో చెప్పనక్కరలేదు. అయితే ఒక ఆక్షేపణను దాటవేయలేం. తల్లిని ఎక్కడైనా నిలుపుకోవచ్చునంటే, మేడారంపై కోయల మాటకు విలువ తగ్గదా? తగ్గే ప్రమాదం ఉంది. దానిని ఇంతవరకు కొంత ఆపుతున్నది ఒక చిన్న విషయం: ఖని జాతర తన తిథిని తానే నిర్ణయించుకోదు. మేడారంలో తల్లి గద్దెనెక్కే రోజులే ఇక్కడా జాతర రోజులు. అక్కడ వనప్రవేశం జరిగితే ఇక్కడా జనం ఇళ్లకు మళ్లుతారు.