గూడబాతుకు మనమేమి బాకీ?

సార్వా చేలు పొట్టకు వచ్చి, ఈశాన్యపు గాలి తిరిగిన పిమ్మట కొల్లేటి గట్లమీద తెల్లవారుజామున నడచువారు కన్నులెత్తి చూడవలెను. సూదితోక బాతులు హిమాలయములు దాటి వచ్చి గుంపులుగా నీటిమీద వాలుచుండును. సంకుబుడి కొంగలు మోకాలిలోతు బురదలో ముక్కు తెరచి నిలుచును. ఋతువు తప్పని ఈ కొంగను చూపియే యిర్మీయా తన జనులను సిగ్గుపరచెను.

అయితే మేము చెప్పదలచినది గూడబాతును గూర్చి. దీనిని సైబీరియా పక్షి అనుట మనలో వాడుక గాని అది సరికాదు. ఇది మన దేశపుదే. 102వ కీర్తన చదివినవారు దీని పేరు ఎరుగుదురు. దిక్కులేని భక్తుడు తన్ను ఈ పక్షితోనే పోల్చుకొనెను. తాడేపల్లిగూడెము దగ్గర ఆరేడు గ్రామములో ఇవి గూళ్లు కట్టుచున్నవని 1946లో నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు కనుగొనెను. 1970ల నడిమికి కొల్లేటి ప్రాంతపు గూళ్లు ఖాళీ అయినవి. మరల చాలకాలమునకు కైకలూరు దగ్గరి ఆటపాకలో, చెట్లు చాలక నిలిపిన ఇనుప మంచెలమీద అవి పిల్లలను పెంచుచున్నవి. ఇనుపమైనను సరే అని వచ్చినవి!

ఇప్పుడు ప్రశ్న. చేపల చెరువు వేసినవానికి ఈ పక్షి దొంగ. అతడు టపాకాయలు కాల్చును, చెరువుమీద వల కట్టును. వలలో చిక్కినది రాత్రంతయు కొట్టుకొని చచ్చును. అప్పు తెచ్చి మేత వేసినవాడు తన చేపను కాచుకొనుట పాపమా? కాదని మేము తలంచుచున్నాము. కాని దొంగ ఎవరు అను మాట అంత సులభముగా తేలదు. నిన్నటి సరస్సులోనే నేటి చెరువు గట్టు లేచినది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు వరదను కొల్లేరు పట్టుకొని ఉప్పుటేరు గుండా సముద్రమునకు పంపవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ ఇండ్లలోనికి వచ్చినప్పుడు నీటికి చోటు విడువకుండుట ఎట్టిదో మనము చూచితిమి. నీటికి చోటు లేని చోట పక్షికిని లేదు.

మోషే ధర్మశాస్త్రము ఇక్కడ ఒక వింత సంగతి చెప్పుచున్నది. గూటిలోని పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడువవలెనట (ద్వితీ. 22). ఏడవ యేట బీడుపెట్టిన పొలములో బీదలు తినగా మిగిలినది అడవి మృగములకు అట (నిర్గమ. 23). తీసికొనుట తప్పు కాదు, అంతయు తీసికొనుట తప్పు. అడవి జీవిని ఆ పాలిభాగస్థులలో చేర్చినది మనము కాము.

ఈ మాటను ఎవరితో చెప్పుదుము? కొల్లేరు 1999లో అభయారణ్యమాయెను, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరెను. 2006లో సుప్రీంకోర్టు ఆదేశముల మీద చెరువుల గట్లు కొట్టినప్పుడు సొసైటీలలో వాటా తప్ప వేరొక ఆధారము లేని బీదలు ఏడ్చిరి. తరువాత అనేక గట్లు మరల లేచినవి. బీదవాడు ఒంటరిగా యంత్రము తెచ్చి గట్టు వేయగలడా? పక్షి పాలు మొదట ఎక్కువ ఎకరములు గలవాని చెరువునుండి పోవలెనని మా తలంపు. బోధించువారు కౌలుదారునికే బోధించుచున్నారు, ఎందుకనగా అతడు ఆరాధనకు వచ్చి వినును.

మా సంఘములోని అట్టివాడొకడు వల తీసి, దూరముగా కనబడు తెల్లని గుడ్డపీలికలు కట్టినాడు. చేప కొంత పోవుచున్నది. “అయ్యగారూ, పిట్టకు పాలు సరే, నాకు కౌలు తగ్గించేదెవరండీ?” అని అడిగినాడు. జవాబు చెప్పవలసినవాడు చెరువు ఆసామి. క్రిస్మసు లోపల అతనితోకూడ వెళ్లి ఆ మాట అడుగనున్నాము.