సాలగ్రామము - కూర్మము

ప్రళయమునకు పిమ్మట మరల సృష్టి కలుగునని మన పురాణములు ఘోషించుచున్నవి. భాగవతము ప్రళయమును నిత్య, నైమిత్తిక, ప్రాకృతిక, ఆత్యంతికములని నాలుగు విధములుగా వివరించినది. ఈ విశ్వాసము మనకు ధైర్యము నొసగును. అయితే దీనినే ఆధారముగా గైకొని, "పోయినది పోనిండు, మరల పుట్టించువాడు పరమాత్మయే కదా, మనకేల చింత?" అనువారును కలరు. ఈ మాటలో భక్తి యెంత, బాధ్యతను తప్పించుకొను నేర్పెంత యని విచారింపవలసియున్నది.

ఇందుకు సాక్ష్యము మన కోనసీమలో కాళ్ల క్రిందనే కలదు. రాజోలు పేరు వినగానే మనకు కొబ్బరితోటలు, కాలువలు స్ఫురించును. భూగర్భ శాస్త్రజ్ఞులకు స్ఫురించునది వేరు. చమురు కొఱకు బావులు త్రవ్వగా వేల అడుగుల లోతున బయల్పడిన నల్లరాతి పొరలకు వారు రాజోలు పేరే పెట్టిరి. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కనులో ఉబికిన లావా, పడమటి నుండి దాదాపు 1000 కిలోమీటర్లు ప్రవహించి, ఇచ్చటి సముద్రమున చేరి గడ్డకట్టిన రాయి అది. రాజమహేంద్రవరము చెంత కాతేరులోను, గోదావరి ఆవలి వైపున గౌరీపట్నము, దుద్దుకూరు క్వారీలలోను అదే రాయి పైకి కనబడును. పొరల నడుమ సముద్రజీవుల గుల్లలును దొరకును.

ఆ కాలముననే మెక్సికో తీరమున గ్రహశకలమొకటి వచ్చి పడినది. వినాశమునకు అదియే ప్రధాన కారణమని అధికుల మతము. లావా పాలెంత యను వాదము నేటికిని తెగలేదు. జీవజాతులలో ముప్పాతిక వంతు నశించినవి. రాక్షసబల్లుల కథ పిల్లలకును తెలిసినదే. సముద్రములోని సూక్ష్మమైన గుల్లజీవులలో సైతము చిన్నవి కొన్ని మాత్రమే మిగిలినవి. గోదావరి క్రిందనున్న లావా పొరలలో ఒక ప్రవాహమునకును, మరియొకదానికిని మధ్య జీవము కోలుకొన్న జాడ లేదని పరిశోధకులు 2011లో వ్రాసిరి. దెబ్బ మీద దెబ్బ తగులుచుండగా గాయము మానునా?

అంతయు చల్లారిన పిమ్మట పలుచోట్ల మొదట ఫెర్న్ మొక్కలు మొలచినవి. ఎలుకంతటి జంతువులు క్రమముగా పెరిగినవి. అమెరికాలోని కొలరాడో శిలాజములను బట్టి చూడగా, వానిలో కొన్ని 50 కిలోల బరువునకు వచ్చుటకు సుమారు 7 లక్షల సంవత్సరములు పట్టినది. మన కలియుగ ప్రమాణమే 4,32,000 సంవత్సరములు! ప్రకృతి తానే కోలుకొనునని తేలికగా పలుకువారు ఈ లెక్క చూడవలెను.

ఇంతకును కోలుకొన్నది సృష్టియే గాని, పోయినవి తిరిగి రాలేదు. మన యిండ్లలో తులసీదళములతో అర్చించు సాలగ్రామమును చూడుడు. గండకీ నదిలో లభించు ఆ శిలలలో పెక్కింటి చక్రము అమ్మోనైటు అను సముద్రజీవి గుల్ల ముద్ర. (దీనివలన శిల పవిత్రతకు లోపము రాదు. చక్రధారి తన గుర్తును ఎచ్చట నుంచవలెనో నిర్ణయించుటకు మనమెవరము?) ముప్పది కోట్ల సంవత్సరములకు మించి సముద్రములందు వర్ధిల్లిన ఆ వంశము ఆ ప్రళయముననే పరిసమాప్తమైనది. వాని పిల్లలు మిక్కిలి చిన్నవై, నీటి పైభాగమున ప్లవకములను తిని బ్రతికెడివనియు, ఆ ఆహారము నశింపగా ఆకలితో మడసినవనియు పండితుల ఊహ. ఇన్ని కోట్ల యేండ్లు గడచినను అమ్మోనైటు మరల జన్మింపలేదు.

తాబేలు మాత్రము ఆ గండమును దాటి వచ్చినది. మందరమును మోయుటకు స్వామి ధరించిన రూపమది. ఆ వంశపు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఏటేట మన తీరమునకు గ్రుడ్లు పెట్టవచ్చును. అంతర్వేదిలో మాఘమాసమున శ్రీ లక్ష్మీనరసింహస్వామి కల్యాణోత్సవములు జరుగు రోజులును అవియే. ఆ రోజులలోనే చచ్చి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన తాబేళ్లును కనబడుచుండును. తాబేలు ఊపిరి కొఱకు నీటి పైకి రావలెను. మరపడవల వలలో చిక్కినచో పైకి రాలేక మునిగి మరణించును.

సత్యవ్రతునితో మత్స్యమూర్తి, తాను మరల సృజింతునని చెప్పి ఊరకుండుమనలేదు. ఓషధులను, బీజములను నావలోనికి చేర్చుకొమ్మని ఆజ్ఞాపించెను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తాబేలునకు రక్షణ కల్పించినది. కాని సముద్రమున వేట నిషేధము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు. అప్పటికి గ్రుడ్లు పెట్టు కాలము చాలవరకు గడచిపోవును. తాబేలు తప్పించుకొని పోవుటకు వలలో అమర్చు చట్రమొకటి కలదు. దాని గుండ కొన్ని చేపలును జారిపోవును. జారిన చేప మత్స్యకారుని కూటిలో కోతయే. ఆ కోతలో పాలు పంచుకొనవలసినది అతడొక్కడే కాదు. రేవులో ఆ చేపను కొనువారును, అదే తీరమున సంకల్పము చెప్పుకొని స్నానమాడువారును కలరు.