ఏటి అవతలి బడి
ధ్యాన భాగము: ఆదికాండము 13వ అధ్యాయము



వేసవి సెలవులు ముగిసి బడులు తెరచు దినములు దగ్గర పడినప్పుడు కృష్ణా తీరమందలి మన యిండ్లలో ఒక ప్రశ్న పుట్టుచున్నది. బిడ్డను మన ఊరి బడిలోనే ఉంచవలెనా, లేక ఏరు దాటించి అవతలి బడిలో చేర్చవలెనా? బీచుపల్లి వంతెనకు ఈవల గద్వాల జిల్లా. ఆవల పెబ్బేరు, వనపర్తి. దారి కొద్దిదే. అయినను తలిదండ్రులు రాత్రులు నిద్ర మాని ఆలోచించునంత పెద్ద సంగతి ఇది. దీనిని గూర్చి నెమ్మదిగా, దేవుని యెదుట ఆలోచించుట మనకు తగును.

పూర్వము ఇదంతయు మహబూబునగరు జిల్లాయే. 2016 అక్టోబరు 11న జిల్లాలను విభజించినప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు వేరు వేరు జిల్లాలైనవి. నాటినుండి వంతెన దాటిన బిడ్డ జిల్లా దాటిన బిడ్డ అగుచున్నాడు. అందువలన కలుగు ఫలితమును ముందు చెప్పుకొందము.

2018లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు చొప్పున, ప్రభుత్వోద్యోగములలో నూటికి 95 స్థానికులకే. ఎవడు ఏ జిల్లాకు స్థానికుడన్నది 1వ తరగతి మొదలు 7వ తరగతి వరకు వాడు చదివిన బడులను బట్టి తేల్చుదురు. ఆ 7 సంవత్సరములలో కనీసము 4 సంవత్సరములు చదివిన జిల్లా వాని జిల్లా. 3వ తరగతి వరకు ఇటిక్యాలలో చదివి, 4వ తరగతి మొదలు 7వ తరగతి వరకు పెబ్బేరులో చదివిన బిడ్డ వనపర్తి జిల్లావాడగును. 7వ తరగతి ముగించి 8వ తరగతికి ఏరు దాటినవాడు గద్వాలవాడుగానే ఉండును. జిల్లాస్థాయి ఉద్యోగములకు ఇది ముఖ్యము. జోనుస్థాయి ఉద్యోగములకు మాత్రము భేదము లేదు, ఏలయనగా ఈ మూడు జిల్లాలును జోగులాంబ జోనులోనివే. తుంగభద్ర దాటి కర్నూలులో చేర్చినచో అది వేరొక రాష్ట్రము. ఆ లెక్క పూర్తిగా వేరు. ఈ సంగతి తెలియక బిడ్డను మార్చి, ఇరువది యేండ్లు వచ్చినప్పుడు కన్నీరు కార్చుట కంటె ముందుగా విచారించుట మేలు.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. ఏరు దాటించుట తప్పా? తప్పు కాదు. తన యింటివారిని సంరక్షింపనివానిని గూర్చి పౌలు తిమోతికి ఎంత కఠినముగా వ్రాసెనో మనకు తెలియును. చట్టమును దీనికి అడ్డు చెప్పదు. 2010 ఏప్రిలు 1 నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టము, బిడ్డ ఒక ప్రభుత్వ బడినుండి మరియొక దానికి మారుటకు హక్కు ఇచ్చుచున్నది. ప్రధానోపాధ్యాయుడు బదిలీ పత్రము వెంటనే ఇయ్యవలెను. అది ఆలస్యమైనదని చెప్పి క్రొత్త బడివారు చేర్చుకొనక పోరాదు. కాబట్టి మనము అడుగవలసినది "పోవచ్చునా" అని కాదు, "ఏమి చూచి పోవుచున్నాము, ఎట్లు పోవుచున్నాము" అని.

అబ్రాము, లోతు విడిపోయిన దినమును జ్ఞాపకము చేసికొనుడి. స్థలము చాలక కాపరులు జగడమాడిరి. పెద్దవాడైన అబ్రాము తన హక్కును విడిచి, నీకు నచ్చిన ప్రక్క కోరుకొమ్మని చిన్నవానితో చెప్పెను. లోతు కన్నులెత్తి చూచెను. ఏమి చూచెను? నీళ్లు చూచెను, పచ్చిక చూచెను. పచ్చిక వెదకుట పసులు గలవానికి దోషము కాదు. అయితే అక్కడి మనుష్యులు ఎట్టివారో, తన యింటివారు వారి నడుమ ఏమగుదురో అతడు విచారించినట్లు ఆ అధ్యాయములో కానరాదు.

నేడు మనమును కన్నులెత్తి చూచుచున్నాము. పసుపు పచ్చని బస్సు, మెడకు టై, గోడమీద ఇంగ్లీషు మీడియము అను అక్షరములు కనబడుచున్నవి. చూడవలసినవి వేరే ఉన్నవి. పంతులుగారు ప్రతిదినము వచ్చుచున్నారా? ఆ బడిలో మూడేండ్లు చదివిన బిడ్డ తెలుగు పుస్తకము తడబడక చదువునా? పెద్ద తరగతులకు లెక్కలు, సైన్సు చెప్పువారున్నారా? మరుగుదొడ్డి, నీళ్లు ఉన్నవా? సాయంకాలము ఆటో రాకపోయిన యెడల ఆడపిల్ల జాతీయ రహదారి ప్రక్కన ఎవరి అండన నిలుచును? ఫీజు కట్టుటకు అప్పు చేయవలసి యున్నచో ఆ అప్పు ఎవరి రెక్కలు తీర్చవలెను? 2011 జనాభా లెక్కలలో గద్వాల ప్రాంతములో చదువు వచ్చినవారు నూటికి సుమారు 50 మంది, వనపర్తి ప్రాంతములో సుమారు 56 మంది. ఆవలి ఒడ్డు కొంత మెరుగే, కాని అదియు కానాను దేశము కాదు. జిల్లాను చూచి కాదు, బడిని చూచి నిర్ణయించవలెను.

ఇక్కడ ఒక మాట మొగమోటము లేక చెప్పవలెను. కొన్ని యిండ్లలో కొడుకును ఏరు దాటించి ఫీజు బడిలో చేర్చుదురు, కూతురిని ఊరి బడిలో ఉంచుదురు. నడిగడ్డలో విత్తనపత్తి పూత కాలము వచ్చినప్పుడు ఆ కూతురినే బడి మాన్పించి పూవులకు పుప్పొడి అద్దుటకు చేనికి పంపుదురు. ఆ కూలి డబ్బు కొడుకు ఫీజునకు చెల్లును. అన్న చదువుకు చెల్లెలు వెల చెల్లించుచున్నది. దీనిని బిడ్డల మేలు కోరుట అని ఎట్లు పిలువగలము? ఇద్దరికిని సరిపోని బడి ఒకనికి మంచి బడి కానేరదు.

రెండవది సత్యమును గూర్చిన మాట. స్థానికత కొరకు దొంగ స్టడీ సర్టిఫికెటు వ్రాయించు అలవాటు కొందరిలో ఉన్నది. "అన్నా, రెండేండ్లు అక్కడ చదివినట్టు కాగితం రాయిస్త, ఎవరు చూస్తరు?" అని చెప్పువాడు దొరకును. లోతునకు భూమిని ఉదారముగా విడిచిన ఈ అబ్రామే, దానికి ముందటి అధ్యాయములో ఐగుప్తునకు పోయి శారయిని తన సహోదరి అని చెప్పించెను. అది సగము నిజమే; అయినను పరాయి రాజు యింటిమీదికి తెగులు తెచ్చినది, విశ్వాసి అన్యుని చేత గద్దింపబడినాడు. దొంగ కాగితము వలన మన బిడ్డకు దొరకు ఉద్యోగము మరియొక తల్లి బిడ్డ పోగొట్టుకొన్న ఉద్యోగమే. అంతకంటె ముఖ్యముగా, తండ్రి అబద్ధము వ్రాయించి ఇచ్చిన కాగితము చేతపట్టుకొనిన బిడ్డ, ఏ బడిలో చేరకముందే ఒక పాఠము నేర్చుకొనియున్నాడు. ఆ పాఠమును ఏ పంతులును మాన్పింపలేడు.

మూడవది మిగిలిపోవువారిని గూర్చినది. మిక్కిలి కష్టమైన ప్రశ్న ఇదియే. ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, 61 మొదలు 90 వరకు ముగ్గురు అని విద్యాహక్కు చట్టము లెక్క చెప్పుచున్నది. ఒక ఊరి బడిలో 62 మంది ఉన్నారనుకొందము. నాలుగు కుటుంబములు తలకొక బిడ్డను తీసికొనిపోయినచో 58 మంది మిగులుదురు. మూడవ పంతులుగారి స్థానము ప్రశ్నలో పడును. పోయినవారు నలుగురే, నష్టపోయినవారు 58 మంది. వారు ఎవరి బిడ్డలు? ఆటో కిరాయి ఇయ్యలేనివారి బిడ్డలు. గుంపుమేస్త్రి వెంట పూనాకు, బొంబాయికి పోయిన తలిదండ్రులు అవ్వ దగ్గర విడిచిన బిడ్డలు.

"అయితే ఊరి బడిని నిలుపుటకు నా బిడ్డ భవిష్యత్తు బలి కావలెనా?" అని ఒక తండ్రి అడుగును. ఇది న్యాయమైన ప్రశ్న. కావలెనని మేము చెప్పము. బిడ్డ పడిపోవు గోడకు పెట్టిన ఊతకఱ్ఱ కాదు. తన చదువు తనకు దేవుడిచ్చిన భాగము. పంతులు రాని బడిలో బిడ్డను సంవత్సరముల తరబడి కూర్చుండబెట్టి, అది పొరుగువాని ప్రేమ అనుకొనుట బుద్ధి కాదు. అయితే పోవుటకు శక్తి గలవాడే సాధారణముగా అడుగుటకును శక్తి గలవాడు. చట్టము చొప్పున ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులే, సభ్యులలో సగము మంది స్త్రీలే ఉండవలెను. మనము ఆ కూటమునకు ఎన్ని మారులు పోయితిమి? పంతులు లేడని మండల విద్యాధికారికి ఒక అర్జీ అయినను వ్రాసితిమా? యెరూషలేము ప్రాకారము కట్టిన దినములలో అనేకులు తమ తమ యిండ్లకు ఎదురుగా ఉన్న భాగమును బాగుచేసిరని నెహెమ్యా గ్రంథము చెప్పుచున్నది. మన యింటి ఎదుటి బడిని గూర్చి ఒక్క మాటయైనను పలుకక పోవువాడు చేయవలసినది చేయకయే పోవుచున్నాడు. అడిగి, వేచి, మార్పు కానక పోవువాడు నిర్మలమైన మనస్సాక్షితో పోవచ్చును.

పోయినవాడైనను సంబంధము తెంచుకొనరాదు. 14వ అధ్యాయములో లోతు చెరపట్టబడినాడని వినినప్పుడు అబ్రాము, వాడు కోరుకొన్న దారి వాడు పోయెనని ఊరకుండలేదు. తన మనుష్యులతో వెంటాడి విడిపించెను. స్థలము విడిపోయెను గాని బాధ్యత విడిపోలేదు. ఈ ప్రాంతపు పెద్దలకు ఇది క్రొత్త కాదు. మిషను దినములలో వనపర్తి, గద్వాల బోర్డింగులకు పల్లెలనుండి బిడ్డలను పంపిరి. ఆ బిడ్డలలో కొందరు ఉపాధ్యాయులై, బోధకులై పల్లెలకే తిరిగి వచ్చిరి. వారు తమ ఊరిని విడిచిరని ఎవరు చెప్పగలరు?

కాబట్టి సంఘమునకును ఒక పని ఉన్నది. ఏరు దాటించినవానిని గర్విష్ఠి అనకూడదు. ఊరిలో ఉంచినవానిని చేతగానివాడు అనకూడదు. మందిరములో ఎట్లును దీపమున్నది; సాయంకాలము ఒక గంట రెండు బడుల బిడ్డలును అక్కడ కూర్చుండి చదువవచ్చును. పదవ తరగతి చదివిన యౌవనస్థులు చిన్నవారికి ఎక్కములు, గుణింతములు చెప్పవచ్చును. ఆటో పెట్టుకొనినవారు పేద పొరుగువాని బిడ్డకు ఒక స్థలము ఇయ్యవచ్చును. బీచుపల్లిలోనే ఉన్న గురుకుల పాఠశాల వంటి వాటిలో 5వ తరగతి ప్రవేశపరీక్షకు దరఖాస్తు నింపుట అవ్వ దగ్గర పెరుగు బిడ్డకు ఎవరు నేర్పుదురు? మనమే నేర్పవలెను.

ఈ నెలలో నిర్ణయము చేయవలసిన ప్రతి యింటివారు భోజనమైన పిమ్మట బిడ్డలను కూడ కూర్చుండబెట్టుకొని నాలుగు ప్రశ్నలు వేసికొనుడి. మేము బడిని చూచితిమా, బోర్డును చూచితిమా? కొడుకునకు చేసినది కూతురునకును చేయుచున్నామా? మేము ఇచ్చు ప్రతి కాగితములో ఉన్నది నిజమేనా? మేము పోయిన తరువాత మిగిలిన బిడ్డలకు మేము ఏమి అగుదుము? ఈ నాలుగింటికి తలవంపు లేక జవాబు చెప్పగలిగినవారు ఈవలి ఒడ్డున ఉన్నను, ఆవలి ఒడ్డున ఉన్నను సమాధానముతో నిద్రింతురు.