పెదవి దాటిన మాట

మొన్న ఆదివారం మా అక్క కూతురు హైదరాబాదు నుంచి వచ్చింది. ఇరవయ్యారేళ్ల పిల్ల, మంచి ఉద్యోగం, ఈమధ్యే పెళ్లి కుదిరింది. చీరల సంగతి మాట్లాడటానికి వచ్చింది కాబోలనుకుని బీరువా తాళాలు కూడా తీసిపెట్టాను. అది తాపీగా కాఫీ తాగి, "పిన్నీ, పెదవులకి ఫిల్లర్ వేయించుకుందామనుకుంటున్నా. రెండు రకాలున్నాయి, ఏది మంచిదో తేలడం లేదు. అమ్మకి చెబితే ఇల్లు పీకి పందిరేస్తుంది. అందుకే నీ దగ్గరికొచ్చా" అంది.

నేనేమన్నా డాక్టర్నా? అయినా కందిపప్పు దగ్గర్నుంచి పట్టుచీర దాకా రెండు రకాలు పక్కపక్కన పెట్టి చూడందే కొనని దాన్ని గదా! కళ్లజోడు పెట్టుకుని దాని ఫోను ముందు కూర్చున్నాను.

దీని పేరు హయలురానిక్ ఆమ్లం. ఆమ్లం అనగానే నాకు బాత్‌రూం కడిగే సీసా గుర్తొచ్చింది. కానే కాదుట. మన చర్మంలో, కీళ్లలో, కళ్లలో సహజంగా ఉండి నీటిని పట్టి ఉంచే పదార్థమేనట. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆవు కంటిలోంచి దీన్ని మొదట వేరుచేశారు. ఉన్నదున్నట్టు చర్మంలోకి ఎక్కిస్తే ఒకటి రెండు రోజుల్లో కరిగిపోతుంది. అందుకని దాని పోగులకు ఒకదానితో ఒకటి ముడులు వేసి చిక్కటి జెల్‌గా చేస్తారు. మన భాషలో చెప్పాలంటే పాకం పట్టడం. అరిసెలకొక పాకం, చలిమిడికొక పాకం ఉన్నట్టే ఇందులోనూ లేతవీ ముదురువీ ఉన్నాయి.

మా పిల్ల చూపించినవి రెండు. జువెడెర్మ్ వోల్బెల్లా అనేది కాస్త లేతపాకం. మిల్లీలీటరుకి 15 మిల్లీగ్రాముల ఆమ్లం ఉంటుంది. పెదవి చుట్టూ సన్నగీతలకీ, కొద్దిపాటి నిండుదనానికీ వాడతారు. అమెరికాలో పెదవులకు దీన్ని 2016లో అనుమతించారు. రెండోది రెస్టిలేన్ కిస్. ఆ పేరు వినగానే నేను కళ్లజోడు తీసేశాను! అందులో 20 మిల్లీగ్రాములుంటుంది. నవ్వినా మాట్లాడినా పెదవితోబాటు సాగేలా తయారుచేశామంటారు. దానికి 2020లో అనుమతి వచ్చింది. రెండూ ఏడాది దాకా ఉంటాయని చేసినవాళ్ల మాట. మనిషిని బట్టి ముందే కరగవచ్చు. సిరంజిలో పట్టేది ఒక మిల్లీలీటరు, అంటే టీ స్పూనులో అయిదో వంతు.

నాలుగు రోజులు వాపు, కమిలిన మచ్చ మామూలే. జెల్ పొరపాటున రక్తనాళంలోకి పోతే మాత్రం అక్కడి కండ చచ్చిపోయే ప్రమాదముంది. కాబట్టి ఏ రకం అన్నదానికంటే ఏ చెయ్యి అన్నదే ముఖ్యం. బ్యూటీపార్లర్లో చేయించుకునే పని కాదిది, తర్ఫీదు పొందిన డాక్టరు చెయ్యాల్సింది. ఒక్క సుగుణం ఏమిటంటే, దీనికి విరుగుడుంది. హయలురానిడేజ్ అనే ఇంజెక్షనిస్తే జెల్ కరిగిపోతుంది. నూరేళ్ల కిందట పారఫిన్ మైనం ఎక్కించుకున్నవాళ్లకీ, తర్వాత సిలికాన్ ద్రవం ఎక్కించుకున్నవాళ్లకీ ఆ అదృష్టం లేదు పాపం.

ఇదంతా విన్నాక పెద్దదాన్ని గదా, ఓ ధర్మపన్నం పలికాను. "దేవుడిచ్చిన మొహాన్ని మార్చుకోవడమేమిటే?" అన్నాను.

"మూడో నెలలో నా చెవులు కుట్టించారే, అప్పుడు దేవుణ్ణి అడిగారా? నన్నడిగారా?" అంది. దాని చూపు రంగేసుకున్న నా జుట్టు మీదికి కూడా వెళ్లింది. నేను చప్పున కాఫీగ్లాసులు తీయడంలో పడ్డాను.

కాసేపయ్యాక అడిగాను, "పెళ్లికొడుకేమైనా అన్నాడా?"

"అతనేమీ అనలేదు. నువ్వే అన్నావు పిన్నీ."

పదిహేనేళ్ల కిందట మా ఇంట్లో పెళ్లి. దానికప్పుడు పదకొండేళ్లు. ఫోటోగ్రాఫరు పిల్లల్ని వరసగా నిలబెట్టి నవ్వమన్నాడట. "అది నవ్వినా కనబడదు నాయనా, బ్రహ్మ పెదవులు పెట్టడం మరిచిపోయాడు" అన్నానట నేను. పందిట్లో అందరూ నవ్వారట. ఆ రోజు నుంచీ ఈ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వలేదు. ఒట్టు, నాకా మాట గుర్తే లేదు! పైగా ఆ సన్నటి పెదవులు ఎవరివి? గోడ మీద ఫోటోలో ఉన్న మా అమ్మవి.

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా? మన ఇళ్లలో చూడండి. పురిటిమంచం దగ్గరే "రంగు కాస్త తక్కువేమో" అని మొదలుపెడతాం. ముక్కు, పళ్లు, జుట్టు, పెదవులు - ఒక్కటీ వదలం. దానికి చనువనీ ప్రేమనీ పేర్లు పెట్టుకుంటాం. ఆ పిల్ల పెద్దదై, మనం వేలెత్తి చూపించిన చోటే సరిచేసుకుంటానంటే, "ఇదేం పోయేకాలం, ఉన్న మొహానికేమైంది?" అని మళ్లీ మనమే గుడ్లురుముతాం. అలంకరించుకోవడం తప్పని నేననను. సరదాకి చేయించుకునేవాళ్లు చేయించుకుంటారు, వాళ్ల ఒళ్లు, వాళ్ల డబ్బు. కానీ ఇంకొకరి మాట మాన్పుకోవడానికి సూది గుచ్చుకోవలసి వస్తే, ఆ తప్పు సూది పొడిపించుకున్నదానిది మాత్రం కాదు. జెల్‌కి విరుగుడు కనిపెట్టారు. నా మాటకి విరుగుడు ఏ డాక్టరు దగ్గరుంది?

నాకు తెలిసిందొక్కటే చేశాను. దాని చెయ్యి పట్టుకుని, "తప్పయిందే తల్లీ" అన్నాను. "ఛ, ఊరుకో పిన్నీ" అని నవ్వింది. రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే నవ్వింది.

వేయించుకుంటుందో మానుతుందో అది ఇంకా తేల్చుకోలేదు. వద్దని నేను చెప్పలేదు. వెళ్తే తోడొస్తానన్నాను. పెళ్లిలో ఫోటోగ్రాఫరు నవ్వమన్నప్పుడు మాత్రం నోరు మూసుకుని నిలబడతానని మాటిచ్చాను.