ఎవరూ చూడని చోటు

బౌద్ధ జాతక కథల్లో 305వది శీలవీమంసన జాతకం. కాశీలో ఐదువందల మంది శిష్యులున్న ఒక ఆచార్యుడు కూతురికి పెళ్లి చేయదలచి, ముందు శిష్యుల నడవడి ఎలాంటిదో చూడాలనుకుంటాడు. పెళ్లికి బట్టలు, నగలు కావాలి, మీ మీ ఇళ్లలోంచి ఎవరి కంటా పడకుండా తెచ్చిపెట్టండి, ఎవరైనా చూస్తే మాత్రం నాకొద్దు అంటాడు. శిష్యులు మూటలతో దిగారు. ఒక్కడు మాత్రం వట్టి చేతులతో వచ్చాడు. ఎవరూ చూడని చోటు తనకు దొరకలేదన్నాడు. ఇంకెవరూ లేకపోయినా ఆ పని చేస్తున్న తాను అక్కడ ఉంటాడు కదా అన్నది అతని వాదం. ఆచార్యుడు మూటలన్నీ వెనక్కి పంపేసి, కూతురిని అతనికిచ్చి పెళ్లి చేశాడు.

కన్నడ దేశంలో భక్తకవి కనకదాసు గురించి ఇలాంటి కథే చెప్పుకుంటారు. విజయనగర కాలపు మధ్వ గురువు వ్యాసరాయలు శిష్యులకు అరటిపళ్లిచ్చి, ఎవరూ చూడకుండా తిని రమ్మన్నాడు. కనకదాసు పండును అలాగే తిరిగి తెచ్చాడు. దేవుడు చూడని చోటు ఎక్కడుందని అడిగాడు.

రెండు జవాబులూ ఒకటేనని అనిపిస్తుంది కానీ, కాదు. కనకదాసుకు సాక్షి దేవుడు. జాతకంలోని శిష్యుడికి సాక్షి తానే. ఆన్‌లైన్ చదువులు వచ్చాక మూడో సాక్షి కూడా తయారైంది, కెమెరా. చూసేవాళ్లుంటేనే విద్యార్థి నడవడి నిలుస్తుందా అన్న పాత ప్రశ్న ఇప్పుడు ప్రతి ఇంట్లోకీ వచ్చింది.

ఆన్‌లైన్ కోర్సులో చేరగానే ఇచ్చే నియమాల చిట్టా దాదాపు అన్నిచోట్లా ఒకటే. వేళకు రావాలి, అసలు పేరుతో రావాలి, మాట్లాడనప్పుడు మైకు ఆపాలి, చాట్‌లో మర్యాద తప్పకూడదు, అనుమతి లేకుండా పాఠం రికార్డు చేయకూడదు, రాసేది సొంతంగా రాయాలి. వీటిలో చాలావరకు పాటించారో లేదో తెరమీదే తెలిసిపోతుంది. చివరిది మాత్రం తెలియదు. ఐఐటీల ఎన్‌పీటెల్ కోర్సుల్లో సాధారణంగా అసైన్‌మెంట్లకు 25 శాతం, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75 శాతం మార్కులుంటాయి. ఇంటి దగ్గర చేసే ఆ 25 శాతానికి జవాబులు గడువుకు ముందే టెలిగ్రామ్ గుంపుల్లో తిరుగుతుంటాయి. అందులోంచి దించుకున్న పిల్లవాడిని పట్టుకునే నాథుడు లేడు. వాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

అలాంటప్పుడు నిఘా పెంచితే సరిపోతుందా? పరీక్షల మీద కన్నేసే సాఫ్ట్‌వేర్లు చూపు పక్కకు తిరిగినా, వెనక ఎవరైనా కదిలినా అనుమానంగా నమోదు చేస్తాయి. ఒకే గదిలో నలుగురుండే ఇంట్లో పరీక్ష రాసే అమ్మాయి వెనక వాళ్లమ్మ బియ్యం డబ్బా కోసం నడిచినా అది అనుమానమే. అమెరికాలోని క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి ఒకరు పరీక్షకు ముందు తన పడకగదంతా కెమెరాకు చూపించాల్సి రావడంతో కోర్టుకెక్కారు. అలా గది చూపించమనడం రాజ్యాంగ విరుద్ధమైన సోదా అని 2022 ఆగస్టులో ఫెడరల్ న్యాయమూర్తి తీర్పిచ్చారు. యంత్రం చూడగలిగేది కంటి చూపును. ఆ చూపు వెనక ఉద్దేశం దానికి అందదు.

నిఘా వద్దు, ప్రమాణం చాలంటారు మరికొందరు. ఆన్‌లైన్ కోర్సుల సంస్థ కోర్సెరా 2012లో మొదలైంది. ఆ ఏడాదే దాని మానవీయ శాస్త్రాల కోర్సుల్లో ఇతరుల రాతలను ఎత్తి రాస్తున్నారని ఫిర్యాదులొచ్చాయి. ఇది నా సొంత పనేనన్న మాటను ప్రతి అసైన్‌మెంటుతోనూ ఇచ్చే పద్ధతి పెట్టారు. ఫారం చివర్లో కాక మొదట్లోనే సంతకం పెట్టిస్తే జనం అబద్ధాలు తక్కువ ఆడతారని 2012లోనే ఒక ప్రసిద్ధ పరిశోధన వచ్చింది. దాని డేటాలో కొంత కల్పితమని తేలడంతో 2021లో ఆ పత్రాన్ని ఉపసంహరించారు. సంతకం ఎక్కడ పెట్టించాలన్న చిట్కాతో నిజాయితీ రాదు.

భగవద్గీత నాలుగో అధ్యాయం జ్ఞానం పొందడానికి మూడు దారులు చెబుతుంది: ప్రణిపాతం, పరిప్రశ్న, సేవ. వినయంగా ఉండాలి, మళ్లీ మళ్లీ అడగాలి, గురువుకు సేవ చేయాలి. కాపలా ప్రసక్తి అందులో లేదు. ఈ మూడూ తెరమీదా సాధ్యమే. ఆన్‌లైన్ క్లాసు చెప్పేవాళ్లందరికీ అనుభవమైన క్షణం ఒకటుంది. "వినబడుతోందా?" అని అడుగుతారు. నల్లని గళ్లలో నలభై పేర్లు ఉంటాయి, ఒక్కరూ పలకరు. మళ్లీ అడుగుతారు. ఆ నిశ్శబ్దంలో గురువు శ్రమ వృథా అవుతుంది. "వినబడుతోంది సార్" అని ఒక్కరు పలికినా, అర్థం కాని చోట ఆపి అడిగినా, పాఠం మళ్లీ ఇద్దరి మధ్యకు వస్తుంది. కెమెరా ఆపుకున్న పిల్లవాడు కూడా ఇంతమాత్రం చేయగలడు.

కరోనాతో బడులు మూతపడ్డ 2020లో, సెప్టెంబర్ 1న తెలంగాణలో బడి పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో మొదలయ్యాయి. టీవీలో చెప్పే టీచరుకు పిల్లలెవరూ కనిపించరు. ఊళ్లలోని ఉపాధ్యాయులు ఫోన్లు చేసి, ఇళ్లకు వెళ్లి, ఇవాళ ఏం విన్నావురా అని అడిగేవారు. విన్నవాళ్లు చెప్పేవారు, విననివాళ్లు తల దించుకునేవారు. నిఘాకూ ఈ అడగడానికీ చాలా తేడా ఉంది. నిఘా మొదటే అనుమానిస్తుంది. అడిగే టీచరు మాత్రం విద్యార్థి మాటను నమ్మి, ఆ మాటకు అతణ్నే బాధ్యుణ్ని చేస్తాడు.

వేద పాఠశాలల్లో నేటికీ పరీక్ష ప్రధానంగా నోటితోనే. ఎదుట కూర్చుని అప్పజెప్పేవాడు మరొకరి జవాబు చెప్పలేడు. ఆన్‌లైన్ కోర్సులు నడిపేవాళ్లు ఈ పద్ధతిని తీసుకోవచ్చు. నెలకోసారి ఒక్కొక్కరితో ఐదు నిమిషాలు మాట్లాడి, నువ్వు రాసింది నీ మాటల్లో చెప్పమని అడగొచ్చు. నియమాల చిట్టాను పైనుంచి పంపే బదులు మొదటి తరగతిలోనే పిల్లలతో కలిసి రాయొచ్చు. కృత్రిమ మేధ సాయం ఎంతవరకు తీసుకోవచ్చో, తీసుకుంటే ఎక్కడ చెప్పాలో అందులోనే తేల్చుకోవచ్చు. దీనికి గురువు సమయం ఎక్కువ పడుతుంది, తరగతిలో పిల్లల సంఖ్య తగ్గించుకోవాల్సి వస్తుంది. కెమెరాల మీద పెట్టే ఖర్చులో కొంత అటు మళ్లించడం న్యాయం.